ఇంజినీర్లూ, ఓడలు కట్టేవాళ్లూ ఒకే హాల్లో

(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, రిటైరైన ఉద్యోగులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు కాస్త ఎక్కువగా ఉంది, అందుకే అడుగుతున్నాను. సరే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, డ్రాయింగు బోర్డు మీద పెన్సిల్‌తో గీసే రోజుల్లో, ఒక సెలవు రోజున తాళ్లరేవు వెళ్లాను. కోరంగి పక్కన. అక్కడ ఏటి ఒడ్డున చెక్క ఓడలు కడతారని విని, చూసొద్దామని. పెద్ద మేస్త్రీగారు ఒకాయన ఉన్నారు. డ్రాయింగు లేదు, కాగితమే లేదు. చేతిలో ఒక కర్ర. దాని మీద గాట్లు. పక్కటెముకల్లాంటి ఆ వంపు చెక్కలన్నిటికీ కొలతలు ఆ గాట్లలోనే ఉన్నాయి. "ఈ గాటు దేనికండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "ఏం బాబూ, నువ్వూ ఓడ కడతావా?" అన్నారు. అంతే, మళ్లీ మాట్లాడలేదు. సాయంత్రం పనివాళ్లంతా ఉలులూ బాడిసెలూ పాకలో పడేసి వెళ్లిపోయారు. ఈయన మాత్రం ఆ కర్రని కండువాలో చుట్టి ఇంటికి పట్టుకుపోయారు.

నేనాయన్ని తప్పు పట్టను. ఆ గాట్లే ఆయన ఆస్తి. పొలం ఉన్నవాడు పట్టా దాచుకున్నట్టు దాచుకున్నారు. కానీ ఇవాళ మీకు చెప్పబోయేది ఆ కర్రని తెచ్చి నలుగురి ముందూ బల్ల మీద పెట్టిన మనుషుల కథ. అందరూ సంతోషంగా పెట్టారని కూడా అనను. కొందరు సగమే పెట్టారు. ఒకాయనైతే పెట్టినట్టే పెట్టి, ఎవరికీ అర్థంకాకుండా చేశాడు. ఆయన దగ్గరికి వస్తాను.

ఊరు గ్లాస్గో. స్కాట్లాండులో క్లైడ్ నది ఒడ్డున ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ ఆ నది లోతు ఎంతంటే, నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు మనిషి నడిచి దాటేసేవాడు. గట్లు కట్టి, ఇసుక తవ్వి, తరాల తరబడి పనిచేసి దాన్ని ఓడలొచ్చే నదిగా మార్చారు. "గ్లాస్గో క్లైడ్‌ని చేసింది, క్లైడ్ గ్లాస్గోని చేసింది" అని అక్కడివాళ్లు చెప్పుకునేది అందుకే. 1812లో హెన్రీ బెల్ అనే ఆయన 'కామెట్' అనే చిన్న ఆవిరి పడవని ఆ నదిలో నడిపాడు. అది మొదలు. ఇంకో వందేళ్లకి, మొదటి ప్రపంచ యుద్ధం ముందు, ప్రపంచంలో నీళ్లలోకి దిగే ఓడల్లో టన్నుల లెక్కన సుమారు ఐదో వంతు ఆ ఒక్క నది ఒడ్డునే తయారయ్యేది. 1913 ఒక్క ఏడాదిలో ఏడున్నర లక్షల టన్నులు దాటింది.

ఆ వందేళ్లకి దాదాపు మధ్యలో, 1857లో, మన దగ్గర సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడాదే, గ్లాస్గోలో ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ ఇన్ స్కాట్లాండ్ అనే సంఘం పుట్టింది. పేరులో ఓడలు కట్టేవాళ్లు ఇంకా లేరు, గమనించండి. రైలింజన్లు తయారుచేసేవాళ్లు, బాయిలర్లవాళ్లు, వంతెనలవాళ్లు, నీటి సరఫరావాళ్లు ఉన్నారు. మొదటి అధ్యక్షుడు విలియం జాన్ మాక్వార్న్ రాంకిన్.

ఈ పేరు మెకానికల్ పిల్లలకి పరీక్షలో పీడకల. (నవ్వులు) అవును, ఆ రాంకినే. రాంకిన్ సైకిల్. ఇక్కడికి దగ్గరలో పరవాడలో సింహాద్రి థర్మల్ ప్లాంటు ఉంది కదా, అక్కడ బొగ్గు మండి, నీరు ఆవిరై, టర్బైను తిరిగి, ఆవిరి మళ్లీ నీరై బాయిలర్లోకి వచ్చే చక్రం ఆయన పేరు మీదే ఉంది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1855 నుంచీ ప్రొఫెసరు. సంఘం పెట్టేనాటికి నలభై కూడా నిండలేదు. అంతకుముందు రైల్వేలో పనిచేశాడు. రైలు ఇరుసులు ఎందుకు విరుగుతాయో 1840ల్లోనే రాశాడు: ఇరుసు లావు మారే మూల దగ్గర సన్నటి పగులు మొదలై, తిరిగేకొద్దీ లోపలికి పాకుతుందని. పాటలు కూడా రాసి పాడేవాడు. ఫ్రెంచివాళ్ల మీటరు కొలతని ఎగతాళి చేస్తూ కూడా ఒక పాట కట్టాడు. మూడడుగుల కొలబద్ద చాలు నాకు అని!

ప్రొఫెసరుగా చేరగానే ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చాడు. దాని సారం మన మాటల్లో చెప్తాను. లోకంలో రెండు రకాల మనుషులున్నారు. పుస్తకం తెలిసి పని తెలియనివాళ్లు, పని తెలిసి పుస్తకం తెలియనివాళ్లు. ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు ముక్కు విరుస్తారు. మూడో రకం చదువు ఒకటుంది, సూత్రాన్ని పట్టుకొచ్చి పని మీద పెట్టే చదువు, దాన్ని విడిగా నేర్పాలి అన్నాడు. మనకిప్పుడు ఇది మామూలు మాట. అప్పుడు కాదు. అప్పట్లో ఇంజినీరు అంటే వర్క్‌షాపులో అప్రెంటిసు చేసి పైకొచ్చినవాడు. యూనివర్సిటీ వాసన తగిలితే పనికిరాడనుకునేవారు.

సంఘం పని ఏమిటి? చాలా సాదా పని. చలికాలంలో కొన్ని సాయంత్రాలు కూడటం. ఒకరు పేపరు చదవడం. తర్వాత మిగతావాళ్లు లేచి దాన్ని చీల్చి చెండాడటం. ఆ చీల్చడాన్ని కూడా పేపరుతో పాటు అచ్చువేయడం. ఈ చివరిదే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. పాత సంపుటాలు తిరగేస్తే పేపరు పది పేజీలుంటే చర్చ ఇరవై పేజీలుంటుంది కొన్నిసార్లు. ఫలానా ఆయన లేచి, మా బాయిలరు మీరన్నట్టు ప్రవర్తించలేదు అంటాడు. ఇంకొకాయన లేచి, మీ కొలతే తప్పు అంటాడు. పేపరు చదివినాయన చివర్లో జవాబు చెప్పుకోవాలి. మన కాన్ఫరెన్సుల్లో "వెరీ నైస్ ప్రెజెంటేషన్ సార్" అని చప్పట్లు కొట్టి భోజనానికి పోతాం చూడండి, అది కాదు.

ఇప్పుడు ఆ కర్ర సంగతి. రాంకిన్‌కి ఒక స్నేహితుడు, జేమ్స్ రాబర్ట్ నేపియర్. వాళ్ల నాన్న రాబర్ట్ నేపియర్ క్లైడ్ మీద ఓడల పనికి పెద్ద దిక్కు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే తర్వాత పోటీ యార్డులు పెట్టారు. ఈ జేమ్స్ రాంకిన్‌ని అడిగాడు: ఓడ ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇంత వేగం కావాలి. ఎంత బలమైన ఇంజను పెట్టాలి? అప్పటిదాకా ఇది అందాజు వ్యవహారం. ఇంజను తక్కువైతే ఒప్పందం ప్రకారం వేగం రాదు, జరిమానా. ఎక్కువైతే బొగ్గు తినేస్తుంది, ఓనరు తిడతాడు. రాంకిన్ ఆలోచించి, నీరు ఓడ ఒంటిని రాసుకుంటూ పోయే ఘర్షణని ఆధారం చేసుకుని ఒక లెక్క కట్టి ఇచ్చాడు. నేపియర్ దాన్ని వాడుకున్నాడు.

మరి లోకానికి చెప్పాలా వద్దా? చెప్తే పోటీవాళ్లు వాడేసుకుంటారు. చెప్పకపోతే రేపు ఇంకెవరో కనిపెట్టి నాదంటారు. రాంకిన్ ఏం చేశాడంటే, 1858లో ఒక శాస్త్ర పత్రికలో తన సూత్రాన్ని అచ్చువేయించాడు. వాక్యంగా కాదు, అక్షరాలుగా. ఆ వాక్యంలో 'ఎ' ఎన్నిసార్లొచ్చింది, 'బి' ఎన్నిసార్లొచ్చింది అని లెక్కపెట్టి, ఆ అంకెలు మాత్రమే! (నవ్వులు) నిజం. గెలీలియో కాలంలో జ్యోతిశ్శాస్త్రవేత్తలు చేసే పని. తేదీ తనకి దక్కుతుంది, అర్థం ఎవరికీ దక్కదు. జ్ఞానం పంచుకోవాలని పెట్టిన సంఘానికి మొదటి అధ్యక్షుడు చేసిన పని ఇది. కర్రని బల్ల మీద పెట్టాడు, కండువా విప్పలేదు. కొన్నేళ్ల తర్వాత తనే విప్పి వివరంగా రాశాడు, అది వేరే సంగతి.

దీన్ని నేను దెప్పడానికి చెప్పడంలేదు. ఈ సంఘం చరిత్రంతా ఈ తాడు లాగుడే. ఒక చివర వ్యాపారం, ఇంకో చివర సభ.

ఓడలవాళ్లు ఎప్పుడు వచ్చారు? 1860లో స్కాటిష్ షిప్‌బిల్డర్స్ అసోసియేషన్ అని వాళ్లు వేరే కుంపటి పెట్టుకున్నారు. అదే ఏడాది లండన్‌లో నేవల్ ఆర్కిటెక్టుల, అంటే ఓడలకి రూపకల్పన చేసేవాళ్ల, సంఘం కూడా పుట్టింది. గ్లాస్గోలో ఒకే ఊళ్లో రెండు సంఘాలు ఎందుకు? చెక్క ఓడ రోజుల్లో కట్టేవాడు వడ్రంగి, ఇంజను బిగించేవాడు కమ్మరి వంశం. ఇద్దరికీ పొసగదు. ఇనుము వచ్చాక గీత చెరిగిపోయింది. ఓడ ఒళ్లూ ఇనుమే, ఇంజనూ ఇనుమే, రెండిటికీ అవే రివెట్లు, అవే ప్లేట్లు. ఇంజను బరువు ఎక్కడ పెట్టావన్నదాన్ని బట్టి ఓడ నిలబడుతుందా పడుతుందా తేలుతుంది. 1865లో రెండూ కలిసిపోయాయి. తర్వాత కొన్నేళ్లకి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ అండ్ షిప్‌బిల్డర్స్ ఇన్ స్కాట్లాండ్ అనే పేరు స్థిరపడింది. ఆ పేరులో 'అండ్' చాలా ఖరీదైన మాట అంటాను నేను.

ఆ 'అండ్'కి చేతులూ కాళ్లూ వస్తే ఎలా ఉంటుందంటే, జాన్ ఎల్డర్‌లా ఉంటుంది. ఇంజనూ తనే చేసేవాడు, ఓడా తనే కట్టేవాడు. 1854లో 'బ్రాండన్' అనే ఓడలో కాంపౌండ్ ఇంజను పెట్టాడు. కాంపౌండ్ అంటే కంగారు పడకండి. చెరకు గడని గానుగలో ఒకసారి పెట్టి పిప్పి పారేయం కదా, మళ్లీ మడిచి పెడతాం, ఇంకాస్త రసం వస్తుంది. అంతే. అప్పటిదాకా ఆవిరి ఒక సిలిండర్లో తోసి బయటికి పోయేది. ఎల్డర్ దాన్ని ముందు చిన్న సిలిండర్లో తోయించి, మిగిలిన బలంతో పెద్ద సిలిండర్లో మళ్లీ తోయించాడు. బొగ్గు మూడో వంతు దాకా కలిసొచ్చింది. బొగ్గు కలిసిరావడం అంటే డబ్బొక్కటే కాదు. మోయాల్సిన బొగ్గు తగ్గితే సరుక్కి చోటు పెరుగుతుంది. దూరం పోగలవు. దక్షిణ అమెరికా పడమటి తీరంలో బొగ్గు దొరకడం గగనం. అక్కడ తిరిగే కంపెనీ వీళ్ల ఇంజన్ల కోసం ఎగబడింది అంటే అందుకే.

ఆ తర్వాతి మెట్టు మూడు సిలిండర్లు. అలెగ్జాండర్ కార్నెగీ కర్క్ 1874లో 'ప్రొపాంటిస్' ఓడలో పెట్టాడు. ఇంజను బాగుంది, బాయిలర్లు చేయిచ్చాయి, అంత ఒత్తిడికి తట్టుకోలేదు. ఏడేళ్లు ఆగి, ఉక్కు బాయిలర్లతో 1881లో 'అబర్డీన్' కట్టాడు. చదరపు అంగుళానికి 125 పౌన్ల ఒత్తిడి. అది ఆస్ట్రేలియా పోయి వచ్చాక ఇంక ఎవరూ వెనక్కి చూడలేదు. ఈ కర్క్ కూడా తర్వాత సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

ఎల్డర్ దగ్గరికి వస్తే, 1869లో సంఘం ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంది. కుర్చీలో కూర్చోకుండానే ఆ సెప్టెంబరులో పోయాడు. 45 ఏళ్లు. ఆ ఖాళీ కుర్చీలోకి మళ్లీ రాంకిన్నే పిలిచారు. రాంకిన్ వచ్చి కూర్చుని, 1871లో ఎల్డర్ జీవితం గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో కాంపౌండ్ ఇంజను లెక్కలు దాచకుండా ఇచ్చాడు. అక్షరాల లెక్క కాదు ఈసారి. మరుసటేడాది, 1872 క్రిస్మస్ ముందు రోజున, రాంకిన్ కూడా వెళ్లిపోయాడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి. విలియం డెన్నీ. క్లైడ్ తీరంలోనే ఉన్న డంబార్టన్‌లో వాళ్ల కుటుంబానిది యార్డు. ఆ రోజుల్లో ఓడ తయారయ్యాక మైలు రాళ్లమధ్య పరుగు పెట్టేవారు. రెండు గుర్తుల మధ్య సరిగ్గా ఒక మైలు, టైము చూడటం. క్లైడ్ మీద స్కెల్‌మార్లీ దగ్గర అలాంటి మైలు ఉంది. అందరూ ఏం చేసేవారంటే, మంచి బొగ్గు ఏరి వేసి, బాయిలర్లు ఎర్రబడేదాకా కొట్టి, ఒక్కసారి పూర్తి వేగంతో పరిగెత్తించి, ఆ అంకె పేపర్లో వేయించుకునేవారు. డెన్నీ, అది కాదు, నాకు నాలుగైదు వేగాల్లో పరుగు కావాలన్నాడు. నెమ్మదిగా ఒకసారి, మధ్యస్థంగా ఒకసారి, ఇంకాస్త వేగంగా ఒకసారి. ప్రతిసారీ ఇంజను ఎంత శక్తి ఖర్చుపెట్టిందో కొలవడం. ఆ చుక్కలన్నీ కలుపుతూ గీత గీయడం.

గీత గీస్తే ఏమొస్తుంది? మామూలుగా వేగం పెరిగితే కావలసిన శక్తి దాని ఘనంతో పెరుగుతుందని చెప్పుకుంటాం. 10 నాట్ల (నాట్ అంటే గంటకి ఒక సముద్రపు మైలు) నుంచి 12కి పోవాలంటే వేగం ఐదో వంతే పెరిగింది కానీ శక్తి 1.7 రెట్లు కావాలి. కానీ అసలు ఓడ గీత ఇంత బుద్ధిగా ఉండదు. ఒకచోట ఉబ్బుతుంది, ఒకచోట చదునవుతుంది. అలలు ఎక్కడ పుడుతున్నాయో, ఆ గీత చెప్తుంది. ఇంకో తమాషా, ఆ శక్తిని వేగంతో భాగించి తోపుడు బలంగా మార్చి, ఆ గీతని కిందికి, సున్నా వేగం దాకా పొడిగిస్తే అది సున్నాకి పోదు. ఓడని తోయడానికి కాకుండా కొంత బలం ఖర్చవుతోందన్నమాట. అది ఎక్కడికి పోతోంది? ఇంజను తనని తాను తిప్పుకోవడానికి. ఎవరూ అనుకోనంత పెద్ద మొత్తం.

డెన్నీ ఈ అంకెలు దాచుకోలేదు. 1875లో కట్టిన 'మెర్కారా' అనే ఓడ అంకెలు తీసుకెళ్లి విలియం ఫ్రూడ్ చేతిలో పెట్టాడు. ఫ్రూడ్ అంటే ఇంగ్లండులో టార్కీలో పొడవాటి నీటి తొట్టి కట్టి, అందులో మైనం నమూనాలని లాగి ఓడలకి నీరు ఎంత అడ్డుపడుతుందో కొలిచినాయన. ఆయన మరుసటేడాది ఆ అంకెల్ని విప్పి చెప్పాడు, ఇంజను చేసే పనిలో ఎంత భాగం నిజంగా ఓడని తోస్తోందో, ఎంత మధ్యలో వృథా అవుతోందో. నేవల్ ఆర్కిటెక్చరు చదివే ప్రతివాడికీ 'మెర్కారా' పేరు ఎక్కడో తగులుతుంది. ఆ పేరేమిటనుకున్నారు? మడికేరి! మన కొడగులో కాఫీ తోటల ఊరు. తెల్లదొరల నోట మెర్కారా అయింది. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ అది. ఆ కంపెనీ తన ఓడలకి మన ఊళ్ల పేర్లు పెట్టుకునేది.

ఆ కంపెనీ మన పెద్దవాళ్లకి తెలుసు. 'బి.ఐ. కంపెనీ స్టీమరు' అంటే కాకినాడలో, విశాఖపట్నంలో ఎక్కి రంగం పోయే స్టీమరు. రంగం అంటే రంగూన్. మా తాత తరంలో ప్రతి ఊళ్లోనూ రంగం వెళ్లొచ్చినవాళ్లుండేవారు. అక్కడి రేవులో సరుకు మోసింది ఎక్కువగా మనవాళ్లే. బర్మావాళ్లు వాళ్లని కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. రంగం నుంచి ఐరావతి నది మీద పైకి పోయే పడవల కంపెనీ కూడా గ్లాస్గోవాళ్లదే, ఆ పడవల్లో చాలా భాగం డంబార్టన్‌లో డెన్నీలు కట్టినవే. లోతులేని నదిలో తిరిగే పడవ సముద్రం దాటలేదు. అందుకని అక్కడ ముక్కలుగా తయారుచేసి, ప్లేటుకి నంబరు వేసి, ఓడలో పంపితే, రంగూన్ దగ్గర మళ్లీ రివెట్లు కొట్టి కలిపేవారు. అలా కలిపిన చేతుల పేర్లు ఏ సంపుటంలోనూ ఉండవు. చర్చలో లేచిన ప్రతి పెద్దమనిషి మాటా అచ్చువేసిన సంఘం, రివెట్ కొట్టేవాడి మాట వేయలేదు. వాడు సభ్యుడు కాదు. ఈ లోటు ఆ కాలానిది అని సర్దిచెప్పొచ్చు. నాకు సర్దుకోబుద్ధి కావడంలేదు. డెన్నీ మాత్రం 1880లో తన యార్డులో ఒక పద్ధతి పెట్టాడు. పనివాడెవడైనా పని తేలికయ్యే ఉపాయం చెప్తే డబ్బు బహుమానం. ఉపాయాలు వందల్లో వచ్చాయి. తెలివి డ్రాయింగు ఆఫీసులోనే లేదని ఆయనకి తెలుసు.

1883. ఆ ఏడాది క్లైడ్ మీద రెండు జరిగాయి. ఒకటి మంచి, ఒకటి ఘోరం. డెన్నీ, డంబార్టన్‌లో సుమారు 100 మీటర్ల పొడవున తొట్టి కట్టించాడు. సర్కారుది కాకుండా ఒక కంపెనీ కట్టుకున్న నమూనా పరీక్ష తొట్టి ప్రపంచంలో అదే మొదటిది. అప్పటికే చనిపోయిన ఫ్రూడ్ బొమ్మ ఆ భవనం ముఖాన పెట్టించాడు. యార్డు 1963లో మూతపడింది, తొట్టి మాత్రం ఇప్పుడు మ్యూజియంగా ఉంది.

ఘోరం సంగతి. జూలై 3న గ్లాస్గో పక్కనే గోవన్ దగ్గర లింట్‌హౌస్‌లో 'డాఫ్నీ' అనే చిన్న స్టీమరుని నీళ్లలోకి దించారు. అక్కడ జూలైలో జాతర సెలవులు. ఈలోగా పని అయిపోవాలని సుమారు 200 మంది పనివాళ్లు లోపలే ఉండి పని చేస్తూ ఉన్నారు. ఓడ జారింది, నీళ్లు తాకింది, ఒక పక్కకి ఒరిగింది, మళ్లీ లేవలేదు. నిమిషాల్లో మునిగింది. 124 మంది. అందులో చాలామంది కుర్రాళ్లు. ఒడ్డున నిలబడి వాళ్ల ఇంటివాళ్లు చూస్తున్నారు.

ఏం జరిగిందో మీకు చూపించాలంటే, మేం చేసే ఒక పని చెప్పాలి. ఇంక్లైనింగ్ ఎక్స్‌పెరిమెంటు. ఇక్కడ చేసినవాళ్లు కొందరు ఉన్నారు, తప్పు చెప్తే ఆపండి. గాలి లేని తెల్లవారుజామున చేస్తాం. ఓడలో అనవసరంగా ఒక్క మనిషి ఉండకూడదు. కట్టిన మోకులు వదులు చేస్తాం. పై డెక్కు నుంచి కింద హోల్డులోకి, అంటే సరుకు పెట్టే అడుగు గదిలోకి, సన్నటి తీగకి గుండు వేలాడదీస్తాం, ఇల్లు కట్టే మేస్త్రీ తూకం గుండు లాంటిదే. అది ఊగకుండా కింద నూనె బకెట్లో ముంచి ఉంచుతాం. తీగ వెనక అడ్డంగా ఒక బద్ద, దాని మీద పెన్సిల్ గీత. అప్పుడు డెక్కు మీద పెట్టిన బరువుల్ని ఎడమ నుంచి కుడికి జరుపుతాం. ఓడ కాస్త ఒరుగుతుంది. తీగ కాస్త జరుగుతుంది. మళ్లీ గీత. "కదలకండి!" అని కింద నుంచి అరుపు. ఎవడో తుమ్మినా తిట్లే.

లెక్క చూడండి. 5,000 టన్నుల ఓడ. 20 టన్నుల బరువు 10 మీటర్లు పక్కకి జరిపాం. 8 మీటర్ల తీగ 32 సెంటీమీటర్లు జరిగింది. జి.ఎం. సరిగ్గా 1 మీటరు. జి.ఎం. అంటే ఓడకి నిటారుగా లేచే బుద్ధి ఎంతుందో చెప్పే అంకె. ఒరిగితే లేవాలనిపించాలి ఓడకి. అది తక్కువైతే పక్కకి వాలి అక్కడే బద్ధకంగా ఉంటుంది. పూర్తిగా పోతే బోర్లాపడుతుంది.

ఇది పూర్తయిన ఓడకి చేస్తాం. కానీ నీళ్లలోకి జారే రోజున ఓడ సగం ఓడ. ఇంజను ఇంకా బిగించకపోతే కింద బరువు లేదు, పైన మాత్రం పనివాళ్లు, పనిముట్లు, బోల్ట్ వేయని సామాను. ఓడ ఒరగ్గానే అవన్నీ పల్లానికి జారతాయి, దానితో ఇంకా ఒరుగుతుంది. విచారణ చేసిన సర్ ఎడ్వర్డ్ రీడ్ చెప్పింది ఇదే: ఓడకి నిలకడ తక్కువ, దానికి తోడు లోపల అంతమంది మనుషులు, కట్టని సామాను. దించే రోజు ఓడ పరిస్థితికి విడిగా లెక్క కట్టే ఆనవాయితీ అప్పటికి లేదు. ఆ తర్వాత వచ్చింది. లాంచింగు రోజున లోపల ఎంతమంది ఉండాలో ఇవాళ పేర్లు రాసి మరీ లెక్కపెడతాం కదా, ఆ జాబితా వెనక ఈ 124 మంది ఉన్నారు.

అదే 1883లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నేవల్ ఆర్కిటెక్చరుకి ప్రొఫెసరు పదవి ఏర్పడింది. ప్రపంచంలో మొదటిది. డబ్బు ఇచ్చింది ఎవరనుకున్నారు? ఇసబెల్లా ఎల్డర్, జాన్ ఎల్డర్ భార్య. భర్త పోయాక కొన్నాళ్లు యార్డు ఆవిడే నడిపింది కూడా. మొదట వచ్చిన ప్రొఫెసరు ఫ్రాన్సిస్ ఎల్గార్, డాఫ్నీ ఎందుకు పడిందో లెక్కలు కట్టినవాళ్లలో ఒకరు. ఆవిడ ఆడపిల్లల కాలేజీకి భవనం కొనిచ్చింది, గోవన్‌కి పార్కు ఇచ్చింది. ఆ పార్కులోనే ఇప్పుడు డాఫ్నీ వాళ్ల స్మారకం ఉంది. ఇంత చేసినావిడ కాలంలో ఆడవాళ్లు ఇంజినీర్ల సంఘాల్లో సభ్యులవడం చాలా అరుదు. లండన్ నేవల్ ఆర్కిటెక్టుల సంఘంలో మొదటి ముగ్గురు స్త్రీలు చేరింది 1919లో. ఇవాళ ఈ హాల్లో ముందు రెండు వరసలు అమ్మాయిలే ఉన్నారు. (చప్పట్లు)

ఒక చిన్న పిట్టకథ చెప్పి ముందుకు పోతాను. 1860ల్లో నేపియర్ యార్డులో యామావో యోజో అనే జపాన్ యువకుడు పనిచేసేవాడు. రాత్రిపూట ఆండర్సన్ కాలేజీలో తరగతులకి వెళ్లేవాడు. అదే కాలేజీ రాత్రి తరగతుల్లో హెన్రీ డయ్యర్ అనే స్కాట్లాండు కుర్రాడు. తర్వాత జపాన్ ప్రభుత్వం ఇంజినీరింగ్ కాలేజీ పెడతాం, మనిషిని ఇవ్వండంటే రాంకిన్ తన శిష్యుడైన ఈ డయ్యర్ పేరు చెప్పాడు. 1873లో టోక్యోలో దిగాడు, పాతికేళ్ల వయసుకే ప్రిన్సిపాలు. అక్కడ అతని పైఅధికారి ఎవరు? యామావో! మూడో రకం చదువు అని రాంకిన్ అన్నాడే, దాన్ని గ్లాస్గో కన్నా టోక్యోలో పూర్తిగా అమలు చేశారని నా అభిప్రాయం. మనకేమో కాలవల కోసం, రోడ్ల కోసం కాలేజీలు పెట్టారు. ఓడల చదువు దగ్గరికి మనం చేరేసరికి చాలా ఆలస్యమైంది. మన విశాఖలో సింధియా యార్డుకి రాజేంద్రప్రసాద్ గారు పునాదిరాయి వేసింది 1941లో, 'జలఉష' నీళ్లలోకి దిగింది 1948లో. ఆ కథ ఇక్కడ మీకు నాకన్నా బాగా తెలిసినవాళ్లున్నారు, వదిలేస్తాను.

ఇరవయ్యో శతాబ్దం తొందరగా దాటేస్తాను. టైము చూపిస్తున్నారు. ఎల్మ్‌బ్యాంక్ క్రెసెంట్‌లో సంఘం సొంత భవనం కట్టుకుంది, 1908లో. టైటానిక్ మునిగినప్పుడు దాని ఇంజినీర్లు ఒక్కరూ బతకలేదు, ఛీఫ్ ఇంజినీరు జోసెఫ్ బెల్‌తో సహా. దాదాపు చివరిదాకా లైట్లు వెలిగాయంటే వాళ్లు కిందే ఉండబట్టే. వాళ్ల పేరున సంఘం తన భవనంలో ఒక ఫలకం పెట్టింది. టైటానిక్ క్లైడ్ ఓడ కాదు, బెల్‌ఫాస్ట్‌ది. అయినా పెట్టారు. ఆ భవనం తర్వాత చేతులు మారి స్కాటిష్ ఒపేరావాళ్లది అయింది. ఇంజినీర్లు కొట్లాడుకున్న చోట ఇప్పుడు పాటల రిహార్సల్సు. రాంకిన్‌కి అభ్యంతరం ఉండేది కాదేమో. (నవ్వులు)

యార్డులు ఒక్కొక్కటే పోయాయి. 1971లో అప్పర్ క్లైడ్ షిప్‌బిల్డర్స్ అనే ఓడల కంపెనీ దివాలా తీస్తే పనివాళ్లు సమ్మె చేయకుండా, గేట్లు తమ చేతుల్లోకి తీసుకుని పని చేస్తూనే పోరాడారు. ప్రభుత్వం దిగొచ్చింది. కానీ నది మీద ఓడల పని తగ్గుతూనే వచ్చింది. ఇంగ్లండులో న్యూకాసిల్‌లో 1884లో ఇలాంటి సంఘమే పుట్టింది, ఆవిరి టర్బైను కనిపెట్టిన పార్సన్స్ దానికి అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. అది 1990ల మొదట్లో మూతపడింది. గ్లాస్గోది ఇంకా ఉంది. నాకు తోచిన కారణం చెప్పనా? న్యూకాసిల్‌ది ఓడల తీరం కోసం పుట్టిన సంఘం. ఓడలు పోయాక దానికి నిలబడే నేల లేదు. గ్లాస్గోది మొదట ఇంజినీర్ల సంఘం, ఓడలు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చి కలిశాయి. ఆ చిన్నవాడు పోయినా పెద్దవాడు మిగిలాడు. ఇది నా ఊహ, కాదంటే ఒప్పుకుంటాను. 2011 నుంచి వాళ్లు స్కాటిష్ ఇంజినీర్ల కీర్తి మందిరం అని ఒకటి నడుపుతున్నారు. రాంకిన్, కెల్విన్, వాట్, అందరూ అందులో ఉన్నారు.

ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను.

(ఒక విద్యార్థిని: సార్, అన్నీ బయటికి చెప్పేస్తే డెన్నీగారికి నష్టం రాలేదా?)

మంచి ప్రశ్న అమ్మా. రాలేదు. 'మెర్కారా' అంకెలు అందరికీ తెలుసు, కానీ ఆ అంకెల్లోంచి తర్వాతి ఓడ ఎలా ఉండాలో చదవగలిగింది డెన్నీ యార్డు. తొట్టి కట్టుకోగలిగింది వాళ్లు. తాళ్లరేవు మేస్త్రీగారు నాకు గాట్లన్నీ చెప్పి ఉన్నా నేను ఓడ కట్టగలిగేవాణ్ణా చెప్పండి? డెన్నీకి వచ్చిన నష్టం వేరే. మితిమీరిన పని. 1887లో బ్యూనస్ ఎయిర్స్‌లో చనిపోయాడు, 39 ఏళ్లకి.

(ఇంకొకరు: ఆ తొట్టిలో లాగిన మైనం నమూనాలు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయా సార్?)

ఎక్కువగా ఉండవు బాబూ. మైనం ఖరీదు. ఒక ఓడ నమూనా పరీక్ష అయిపోగానే దాన్ని కరిగించి, అదే మైనంతో తర్వాతి ఓడ నమూనా పోసేవారు. అలా ఒకే మైనం ఎన్ని ఓడలైందో! కొలతలు రాసుకున్న పుస్తకాలూ, ఆ గీతలూ మాత్రం దాచారు. టీ వచ్చినట్టుంది, పదండి.